ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు ఎంతవరకు వచ్చిందో గైడ్‌కి ఎలా చెప్పాలి

"ప్రాజెక్టు ఎంతవరకు వచ్చిందమ్మా?"

"ఎనభై శాతం అయిపోయింది సార్. చిన్న చిన్నవి మిగిలాయి."

ఈ జవాబు ప్రతి ఏడాదీ వింటాను. బీటెక్ 4-2లో ఉన్నప్పుడు మా బ్యాచ్ కూడా ఇదే చెప్పింది. స్క్రీన్లన్నీ తయారయ్యాయి, బటన్లు కనిపిస్తున్నాయి, కాబట్టి చాలావరకు అయిపోయిందనే నిజంగా నమ్మాం. తీరా డేటాబేస్‌తో కలపబోతే రెండు మాడ్యూళ్లు ఎంతకీ కలవలేదు. వైవా రోజున ఆ రెండూ చూపించలేకపోయాం. అబద్ధం చెప్పాలని మాలో ఎవరికీ లేదు. కానీ ఆ ఎనభై ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగితే చూపించడానికి మా దగ్గర లెక్క లేదు.

ఇప్పుడు గైడ్ కుర్చీలో కూర్చుని అటువైపు నుంచి చూస్తున్నాను కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పగలను. గైడ్‌కి మీ నుంచి తెలియాల్సినవి మూడు: ఈరోజుకి నడుస్తున్నది ఏది, నడవనిది ఏది, ఎవరి సాయం లేక ఆగిపోయింది ఏది. శాతం లెక్క ఈ మూడింటినీ కప్పేస్తుంది. ఈ మూడూ తెలిస్తే ఏ గైడ్ అయినా మీకు సాయం చేయగలరు.

మాటలు గాల్లో తేలిపోకుండా ఒక ప్రాజెక్టు పట్టుకుందాం. నలుగురు ఉన్న బ్యాచ్. కాలేజీ హాస్టల్ మెస్ కోసం ఒక యాప్ చేస్తున్నారు. రేపు ఎవరు తింటారో విద్యార్థులు ముందురోజే గుర్తు పెడతారు, ఎంత బియ్యం పోయాలో వంటవాళ్లకు రాత్రికే తెలుస్తుంది, అన్నం వృథా కాదు. ఇక్కడి నుంచి ఉదాహరణలన్నీ ఈ యాప్ మీదే చెబుతాను.

మొదటి అడుగు: "అయిపోయింది" అంటే ఏమిటో ముందే రాసుకోండి

గైడ్‌కి ఇచ్చే రిపోర్టు రాయడం మొదటి రివ్యూకి ముందురోజు రాత్రి మొదలయ్యే పని కాదు. అబ్‌స్ట్రాక్ట్ (ప్రాజెక్టు ఏమిటో చెప్పే చిన్న సారాంశం) ఓకే అయిన వారంలోనే దానికి పునాది వేయాలి.

నలుగురూ కూర్చుని, యాప్ వాడేవాళ్లు ఏమేం చేయగలగాలో వాళ్ల వైపు నుంచి రాయండి. మన మెస్ యాప్‌కి ఇలా వస్తాయి: లాగిన్, రేపటి భోజనం గుర్తు పెట్టడం, రాత్రి 9 తర్వాత మార్చకుండా ఆపడం, మెస్ ఇన్‌చార్జ్‌కి మొత్తం లెక్క, మెనూ మార్చడం, సెలవు రోజుల నమోదు, నెల బిల్లు, ఫిర్యాదులు, ఫోన్‌కి నోటిఫికేషన్, వార్డెన్‌కి నెలవారీ రిపోర్టు. మొత్తం పది. "ఫ్రంటెండ్, బ్యాకెండ్, డేటాబేస్" అని విడగొట్టకండి. ఫ్రంటెండ్ సగం అయిందంటే యాప్‌తో ఏం చేయగలమో ఎవరికీ అర్థం కాదు. లాగిన్ నడుస్తోందంటే అందరికీ అర్థమవుతుంది.

తర్వాత ప్రతిదాని పక్కన ఒక పరీక్ష రాయండి. "రేపటి భోజనం గుర్తు పెట్టడం: ఒక విద్యార్థి తన ఫోన్లో గుర్తు పెట్టి, యాప్ మూసి మళ్లీ తెరిచినా ఆ గుర్తు అలాగే ఉండాలి, ఇన్‌చార్జ్ లెక్కలో ఒకటి పెరగాలి." ఈ పరీక్షను ఆ కోడ్ రాసినవాళ్లు కాకుండా బ్యాచ్‌లో ఇంకొకరు చేసి చూడాలి. వాళ్ల ఫోన్లో కూడా నడిస్తేనే అయినట్టు. "నా ల్యాప్‌టాప్‌లో నడిచింది" అనేది లెక్కలోకి రాదు. ఈ ఒక్క నియమం పెట్టుకుంటే సగం గొడవలు తగ్గుతాయి.

2001లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కలిసి, సాఫ్ట్‌వేర్ ఎలా తయారు చేయాలో చెప్పే ఎజైల్ మేనిఫెస్టో రాశారని సిలబస్‌లో చదివే ఉంటారు. దాని వెనకున్న 12 సూత్రాల్లో ఒకటి, పని ఎంత ముందుకు వెళ్లిందో కొలవడానికి నడుస్తున్న సాఫ్ట్‌వేరే ముఖ్యమైన కొలత అని చెబుతుంది. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా రాసి వదిలేసే ఆ మాటే ఇక్కడ మీకు నేరుగా పనికొస్తుంది.

రెండో అడుగు: వారమంతా ఆనవాళ్లు ఉంచుకోండి

శుక్రవారం కూర్చుని "ఈ వారం ఏం చేశాం?" అని గుర్తు చేసుకుంటే సగం గుర్తుండదు. గుర్తుపెట్టుకునే పని గిట్‌కి అప్పజెప్పండి. 2005లో లినక్స్ కెర్నల్ పని కోసం లైనస్ టోర్వాల్డ్స్ తయారు చేసిన సాధనం అది. ఏ లైను ఎవరు ఎప్పుడు మార్చారో చెప్పేస్తుంది. అయితే మన కాలేజీల్లో దాన్ని వాడే తీరులో కొన్ని చిక్కులున్నాయి. అవి తెలియక మంచి విద్యార్థులు కూడా రివ్యూలో ఇబ్బంది పడుతుంటారు.

మొదటిది ల్యాబ్ సిస్టమ్. ఆ మెషీన్‌లో ఎవరి పేరు, ఈమెయిల్ సెట్ చేసి ఉంటే కమిట్ (గిట్‌లో ఒక మార్పును నమోదు చేయడం) ఆ పేరు మీదే పడుతుంది. మీ పని పాత బ్యాచ్‌లో ఎవరో పేరు మీద కనిపిస్తుంది. కూర్చోగానే యూజర్ నేమ్, ఈమెయిల్ మీవి పెట్టుకోండి. ఆ ఈమెయిల్ గిట్‌హబ్‌లో (గిట్ కోడ్‌ని ఆన్‌లైన్‌లో ఉంచే సైట్) మీ ఖాతాలో కూడా చేర్చి ఉండాలి. లేకపోతే ఆ కమిట్‌ని గిట్‌హబ్ మీ ఖాతాకి కలపదు.

రెండోది, ఒకే ల్యాప్‌టాప్ ముందు ఇద్దరు కూర్చుని చేసిన పని. హాస్టల్లో ఇది మామూలే. కమిట్ మెసేజ్ చివర ఖాళీ లైను తర్వాత "Co-authored-by:" లైను రాసి రెండోవాళ్ల పేరు, ఈమెయిల్ ఇస్తే గిట్‌హబ్ ఇద్దరినీ చూపిస్తుంది. పది సెకన్ల పని. పక్కన కూర్చుని తప్పులు పట్టిన స్నేహితురాలి కష్టం ఆ ఒక్క లైనుతో రికార్డులోకి ఎక్కుతుంది.

మూడోది, వేరే బ్రాంచ్‌లో, అంటే అసలు కోడ్‌కి పక్కన విడిగా నడిపే శాఖలో, ఉండిపోయిన పని. మెయిన్ బ్రాంచ్‌లో కలపనిదే ఆ కమిట్లు గిట్‌హబ్‌లో మీ పనిని చూపించే కాంట్రిబ్యూషన్ గ్రాఫ్‌లో లెక్కకు రావు. నెలంతా కష్టపడినవాళ్ల గ్రాఫ్ ఖాళీగా కనిపించడానికి చాలాసార్లు కారణం ఇదే.

కమిట్ మెసేజ్‌లు కూడా ఎవరో చదువుతారన్నట్టు రాయండి. "అప్‌డేట్", "ఫైనల్", "ఫైనల్ 2" అని ఉంటే రెండు వారాల తర్వాత మీకే అర్థం కాదు. "సెలవు తేదీ నిన్నటిది ఇస్తే ఒప్పుకోకుండా ఆపాను" అని ఉంటే రిపోర్టులోకి నేరుగా ఎత్తి రాసుకోవచ్చు.

కోడ్ కాని పనికి ఒక నోట్‌బుక్ పెట్టండి. వార్డెన్‌ని కలిశారా, వంటవాళ్లతో మాట్లాడారా, ఒక లైబ్రరీ ప్రయత్నించి వదిలేశారా, తేదీ వేసి ఒక్క లైను రాయండి. వదిలేసిన ప్రయత్నం కూడా పనే. దాన్నీ చెప్పాలి.

మూడో అడుగు: వారానికి అరగంట నలుగురూ కలవండి

రోజు, టైమ్ మారకుండా ఉండాలి. రాసుకున్న పది పనుల జాబితా తీసి ఒక్కొక్కటీ నిజంగా నడిపి చూడండి. పోయిన వారం నడిచింది ఈ వారం ఆగిపోవచ్చు, కొత్త కోడ్ కలిపినప్పుడు అలా జరుగుతూనే ఉంటుంది. అలా ఆగితే లెక్క ఒకటి తగ్గించి రాయండి. నాలుగు మూడైందని సిగ్గుపడక్కర్లేదు. లెక్క తగ్గిన రిపోర్టు తెచ్చిన బ్యాచ్‌ని నేను ఎక్కువ నమ్ముతాను, వాళ్లు నిజంగా నడిపి చూశారని దాంతోనే తెలుస్తుంది.

ఈ రిపోర్టు ప్రతి వారం ఒకరు రాయాలి, వంతులవారీగా. ఎప్పుడూ టీమ్ లీడరే రాస్తే మిగతా ముగ్గురికీ ప్రాజెక్టు మొత్తం ఎలా ఉందో తెలియదు. వైవాలో ఎక్స్‌టర్నల్ (బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్) అడిగే ప్రశ్న ఆ ముగ్గురిలో ఎవరికైనా రావచ్చు.

నాలుగో అడుగు: ఒక్క పేజీ రాయండి

గైడ్ దగ్గర అయిదారు బ్యాచ్‌లు ఉంటాయి, క్లాసులుంటాయి, పేపర్లు దిద్దాలి. కాబట్టి ఒక్క పేజీ చాలు. ఆరో వారం రిపోర్టు ఇలా ఉండొచ్చు:

*మెస్ లెక్క యాప్, 6వ వారం*

*నడుస్తున్నవి: 10లో 4. లాగిన్, రేపటి భోజనం గుర్తు పెట్టడం, ఇన్‌చార్జ్‌కి మొత్తం లెక్క, మెనూ మార్చడం. మెనూ ఈ వారం చేరింది. పోయిన వారం 3 ఉండేవి.*

*నడవనిది: రాత్రి 9 గడువు. 9కి ఆగాల్సింది తెల్లవారుజామున 2:30కి ఆగుతోంది. సర్వర్ గడియారం యూటీసీలో ఉంది, మన టైమ్ దానికి 5 గంటల 30 నిమిషాలు ముందు. కారణం దొరికింది, సోమవారానికి సరిచేస్తాం.*

*ఆగిపోయినది: నెల బిల్లు. సెలవు రోజులకు డబ్బు పూర్తిగా తగ్గించాలా, కొంతేనా అన్నది వార్డెన్ సార్ చెప్పాలి. రెండుసార్లు వెళ్లాం, కలవడం కుదరలేదు. మీరు ఒక మాట చెబితే మంగళవారం వెళ్లి కలుస్తాం.*

*వచ్చే వారం: గడువు సరిచేయడం, సెలవు నమోదు.*

*ఎవరు ఏం చేశారు: (నాలుగు లైన్లు)*

దీన్ని ఒకసారి నిదానంగా చూడండి. గడువు సమస్య గురించి "టైమ్ విషయంలో చిన్న ఇష్యూ ఉంది" అని రాసి ఉంటే నాకు ఏమీ తెలిసేది కాదు. ఏం జరగాలి, ఏం జరుగుతోంది, ఎందుకని అనుకుంటున్నాం, ఎప్పటికి సరిచేస్తాం, ఈ నాలుగూ ఉన్నాయి కాబట్టి చదవగానే సలహా చెప్పొచ్చు. కారణం ఇంకా దొరకకపోతే "రెండు రోజులు వెతికాం, ఫలానాది కాదని తేలింది" అని రాయండి. అదీ పనికొచ్చే సమాచారమే.

నెల బిల్లు దగ్గర ఏం అడుగుతున్నారో స్పష్టంగా ఉంది. "సార్, వార్డెన్ సార్ దొరకడం లేదు" అని ఊరుకుంటే ఆ మాట అక్కడితోనే ఆగిపోతుంది. "మీరు ఒక మాట చెబితే మంగళవారం వెళ్తాం" అంటే నేను ఆ పూటే ఫోన్ చేస్తాను. విద్యార్థులు మొహమాటపడి సాయం అడగరు. గైడ్‌ని ఇబ్బంది పెడుతున్నామేమో అనుకుంటారు. అడగకపోతేనే అసలు ఇబ్బంది, ఎందుకంటే చివరి వారంలో అదంతా ఒక్కసారి మీద పడుతుంది.

రాయకూడనివి కూడా ఉన్నాయి. "రియాక్ట్ నేర్చుకున్నాం", "చాలా వీడియోలు చూశాం" అని పేజీ నింపకండి. నేర్చుకున్నది ఏ పనిలోకి వచ్చిందో అది రాయండి. స్క్రీన్‌షాట్లు రెండు చాలు, వాటిలో ఇప్పుడు నిజంగా ఉన్న డేటా కనిపించాలి. చాట్‌జీపీటీ లాంటి వాటితో రాయించుకున్న భాగం ఉంటే ఎక్కడ వాడారో, దాన్ని బ్యాచ్‌లో ఎవరు వివరించగలరో ఒక లైను రాసేయండి. కాలేజీ నియమం ఏమిటో ముందే అడిగి తెలుసుకోండి. దాచిపెట్టి వైవాలో "ఈ ఫంక్షన్ ఏం చేస్తుంది?" అన్న ప్రశ్న దగ్గర నిలబడిపోవడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

అయిదో అడుగు: ఎవరు ఏం చేశారో ఉన్నదున్నట్టు చెప్పండి

బ్యాచ్‌లు అన్నిటికంటే ఎక్కువ తడబడేది ఇక్కడే. నలుగురికీ సమానంగా పంచినట్టు రాసేస్తారు, ఎవరూ నొచ్చుకోకూడదని.

గిట్‌లో షార్ట్‌లాగ్ అనే కమాండ్ ఉంది, ఎవరివి ఎన్ని కమిట్లో లెక్క చెబుతుంది. దాన్ని ఆధారంగా పెట్టుకోండి కానీ అదే తీర్పు అనుకోకండి. ఒకరు రోజంతా వెతికి ఒక్క లైను మార్చి పెద్ద తప్పు సరిచేసి ఉండొచ్చు, ఇంకొకరు స్పెల్లింగులు దిద్ది ఇరవై కమిట్లు చేసి ఉండొచ్చు. అందుకే సంఖ్య రాయకుండా పని రాయండి: "గడువు తప్పుకి కారణం కనిపెట్టింది", "ఎనిమిది మంది హాస్టల్ విద్యార్థులతో యాప్ వాడించి ఇబ్బందులు రాసుకొచ్చాడు". టెస్టింగ్, డాక్యుమెంటేషన్, మెస్‌కి వెళ్లి మాట్లాడటం, ఇవన్నీ పూర్తి పనులే.

మరి ఒకరు నిజంగానే ఏమీ చేయకపోతే? ముందు వాళ్లతోనే మాట్లాడండి, మిగతా ఇద్దరి ముందు కాదు, విడిగా. చాలాసార్లు వెనక ఏదో ఉంటుంది. బ్యాక్‌లాగ్ పరీక్షలు, ఇంట్లో సమస్య, లేదా కోడింగ్ రాదని చెప్పుకోలేని భయం. చిన్నప్పటి నుంచి తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లీషులో వచ్చే ఎర్రర్ మెసేజ్ చూడగానే టెన్షన్ పడే పిల్లలు నాకు తెలుసు. వాళ్లకి స్పష్టమైన చిన్న పని, ఒక తేదీ ఇచ్చి, మొదటి గంట పక్కన కూర్చోండి. చాలామంది అందుకుంటారు.

అప్పటికీ కదలకపోతే గైడ్‌కి చెప్పాలి. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని వెనకాడతారు, స్నేహితుడి మీద ఫిర్యాదు చేసినట్టు ఉంటుందని బాధపడతారు. ఆ మనిషి ఎలాంటివాడో మీరు చెప్పక్కర్లేదు. "ఫిర్యాదుల పేజీ 4వ వారంలో తీసుకున్నాడు, 5వ వారానికి ఇస్తానన్నాడు, 6వ వారానికీ మొదలుకాలేదు, ఇప్పుడు మేమిద్దరం పంచుకుంటున్నాం." ఇంతే. ఈ లైను గైడ్‌కి పంపేముందు అతనికి చూపించండి. వెనక చెప్పారన్న మాట రాకుండా ఉంటుంది. మార్కుల సంగతి గైడ్ చూసుకుంటారు.

ఆరో అడుగు: ఆలస్యాన్ని తెలిసిన రోజే చెప్పండి

లెక్క సులభం. ఆరు వారాల్లో నాలుగు అయ్యాయి, అంటే ఒక్కోదానికి వారంన్నర. మిగిలినవి ఆరు, కాబట్టి ఇదే వేగంతో తొమ్మిది వారాలు కావాలి. చేతిలో ఏడే ఉన్నాయి. ఇది ఆరో వారంలోనే తెలిసిపోయింది. "తర్వాత స్పీడ్ పెంచుదాం" అనుకుని చెప్పకుండా ఊరుకుంటే పన్నెండో వారంలో చెప్పాల్సి వస్తుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

ఆ ఏడు వారాలు కూడా నిజంగా ఏడేనా అని చూసుకోండి. మిడ్ పరీక్షలు, ప్లేస్‌మెంట్ డ్రైవ్‌లు, సంక్రాంతికి ఊరెళ్లే వారం, వీటిని తీసేయండి. ఇవి ముందే తెలిసినవి, వీటిని తర్వాత కారణాలుగా చెబితే ఎవరూ ఒప్పుకోరు.

ఆలస్యం చెప్పేటప్పుడు మీ ప్రతిపాదన కూడా వెంట తీసుకెళ్లండి. ఏదైనా పూర్తిగా వదిలేయొచ్చు, తగ్గించి చేయొచ్చు, లేదా తేదీ జరపమని అడగొచ్చు. యూనివర్సిటీ తేదీలు జరగవు కాబట్టి మొదటి రెండే మీ చేతుల్లో ఉంటాయి. "సార్, ఫోన్ నోటిఫికేషన్ వదిలేద్దామనుకుంటున్నాం, అది లేకపోయినా లెక్క సరిగ్గానే వస్తుంది. వార్డెన్ రిపోర్టు గ్రాఫులు లేకుండా మామూలు పట్టికగా ఇస్తాం. మిగతా నాలుగూ చేయగలం." ఇలా వచ్చిన బ్యాచ్‌ని ఏ గైడ్ అయినా ఎందుకు కోప్పడతారు? ఏది వదిలినా అసలు ఉద్దేశం, అంటే రేపు ఎంతమంది తింటారో సరిగ్గా తెలియడం, చెడకూడదు. వదిలేయాలని నిర్ణయించినదాన్ని తేదీతో సహా రాసి గైడ్‌తో ఒప్పించుకోండి.

ఏడో అడుగు: రివ్యూ రోజు

రివ్యూలో బ్యాచ్‌కి దొరికేది పది, పదిహేను నిమిషాలు. అందులో "ఇంట్రడక్షన్, ఎగ్జిస్టింగ్ సిస్టమ్, ప్రపోజ్డ్ సిస్టమ్" అంటూ సగం సమయం గడిచిపోతుంది. కోఆర్డినేటర్ ఆ స్లైడ్లు తప్పనిసరి అంటే పెట్టండి, ఒక్కో దాని మీద అర నిమిషం మించకండి. వెంటనే యాప్ తెరవండి. పోయిన రివ్యూలో లేనిది, ఇప్పుడు నడుస్తున్నది ముందు చూపించండి.

ఉచిత హోస్టింగ్ వాడితే కాసేపు ఎవరూ తెరవనప్పుడు సర్వర్ ఆగిపోయే అవకాశం ఉంది, మళ్లీ లేవడానికి సమయం పడుతుంది. మీ వంతుకి అయిదు నిమిషాల ముందు ఒకసారి తెరిచి ఉంచండి. సెమినార్ హాల్ వైఫైని నమ్మకండి, ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా పెట్టుకోండి. ముందురోజు మొత్తం డెమోని స్క్రీన్ రికార్డ్ చేసి ల్యాప్‌టాప్‌లో ఉంచుకోండి. ఓబీఎస్ స్టూడియో ఉచితంగానే దొరుకుతుంది. రికార్డింగ్ చూపించాల్సి వస్తే అది నిన్నటి రికార్డింగని చెప్పి చూపించండి.

నడవనిది కూడా మీరే చెప్పండి, వాళ్లు పట్టుకునేదాకా ఆగకండి. జవాబు తెలియని ప్రశ్న వస్తే "అది చూడలేదు సార్, గురువారం లోపల చూసి చెబుతాం" అనండి, గురువారం తప్పకుండా చెప్పండి.

ఎనిమిదో అడుగు: రివ్యూ అయిన సాయంత్రం

ఒకరు మొదటి నుంచీ రాసుకుంటూనే ఉండాలి. ఆ సాయంత్రమే గైడ్‌కి చిన్న మెయిల్ పెట్టండి: "సార్, నమస్తే. ఈరోజు రివ్యూలో మూడు మార్పులు చెప్పారు. మొదటి రెండూ వచ్చే వారానికి చేస్తాం. మూడోది, ముఖాన్ని గుర్తుపట్టి లాగిన్ అవడం, ఉన్న సమయంలో కష్టమనిపిస్తోంది. మీ అభిప్రాయం చెప్పండి." నోటిమాటగా వచ్చిన సలహాలు నెల తర్వాత ఒక్కొక్కరికీ ఒక్కోలా గుర్తుంటాయి. రాతలో ఉంటే "ఇది చేయమని చెప్పానుగా" అన్న మాట దగ్గర గందరగోళం ఉండదు. వాట్సాప్ గ్రూప్‌లో పెట్టినా ఫర్వాలేదు కానీ మెయిల్ వెతికితే దొరుకుతుంది.

ఈ వారపు పేజీలన్నీ ఒకే ఫోల్డర్‌లో, వారం నంబరుతో దాచండి. డాక్యుమెంటేషన్ రాసేటప్పుడు టెస్టింగ్ చాప్టర్‌కి కావలసిన సరుకు అందులోనే ఉంటుంది. ఏ పరీక్ష ఎప్పుడు తప్పింది, ఎందుకు తప్పింది, ఎలా సరిచేశారు అన్నవి మీ సొంత మాటల్లో అప్పటికే రాసి ఉంటాయి. ఎక్కడినుంచో తెచ్చి అతికించే అవసరం రాదు, ప్లేజియరిజం చెకింగ్ గురించి భయమూ ఉండదు.

చివరి వారం రిపోర్టులో పూర్తికాని వాటికి ఒక పేరా కేటాయించండి. మన యాప్‌లో అది ఫోన్ నోటిఫికేషన్: ఎందుకు వదిలేశారు, ఎంతవరకు ప్రయత్నించారు, ఆ కోడ్ ఏ బ్రాంచ్‌లో ఉంది. వచ్చే ఏడాది మీ జూనియర్లు దాన్ని ఎత్తుకుంటే మొదటి ఫోన్ మీకే వస్తుంది. అప్పటికి మీకు ఎంతవరకు గుర్తుంటుందో తెలియదు కాబట్టి, అడగబోయే ప్రశ్నలకు జవాబులు ఆ పేరాలోనే రాసి పెట్టండి.